గంటకో మాట

"మీ ఇంటర్నెట్టు నా పౌండు మింగేసిందండీ."

కౌంటరు మీద మోచేతులు ఆనించి ఆ మాట అన్నవాడు నిలువునా తడిసి ఉన్నాడు. వేల్స్ కొండల్లో ఆగస్టు నెలంటే అంతే. మెరెరిడ్ మొదట అతని బూట్ల చుట్టూ చేరిన మడుగును చూసింది, తర్వాత మనిషిని చూసింది. మనిషి ఫరవాలేదనిపించాడు గానీ, మడుగు తుడవాల్సింది తనే.

"అది మింగలేదు, మీరే తినిపించారు. పొద్దున ఎంతసేపు వాడారు?"

"పది నిమిషాలు. వెంటనే ఆపేశాను. మిగతా యాభై సాయంత్రానికని దాచుకున్నాను."

"దాచుకోవడానికి అదేమన్నా పచ్చడా? ఒకసారి మొదలుపెడితే మీరు చూసినా చూడకపోయినా గంట నడిచిపోతుంది. చీటీ వెనక రాసే ఉంది."

"చీటీల వెనక చదివేవాళ్లు కూడా ఉంటారా?"

"రాసింది నేనే కాబట్టి నేనొకదాన్ని ఉన్నాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఇంకో గంట చీటీ చింపి ఇచ్చి, తుడుపుగుడ్డ కోసం లోపలికి వెళ్లాక నవ్వింది.

ఆ పొలం పేరు కాయ్ హెలిగ్. మెరెరిడ్ తండ్రి ఇద్వాల్ గొర్రెల్ని కొండమీదికి తోలేసి, ఏటి పక్క చదును నేలలో కారవాన్లకు చోటిచ్చాడు. కారవాన్లలో వచ్చేవాళ్లు ఒకప్పుడు దిగీదిగగానే నీళ్లెక్కడ, కరెంటెక్కడ అని అడిగేవారు. ఇప్పుడు ఆ రెండూ మానేసి ఇంటర్నెట్టెక్కడ అంటున్నారు. సెల్‌ఫోను సిగ్నలు ఆ లోయలోకి దిగదు. ఉన్నదల్లా ఇంటికి వచ్చే తీగ ఒక్కటి. అందుకే గంటకో చీటీ, వారానికో చీటీ, చీటీ మీద ఒక పాస్‌వర్డు. మొదట్లో మెరెరిడ్ అంకెలూ అక్షరాలూ కలిపి పెట్టేది. సున్నా ఏదో 'ఓ' ఏదో తేలక జనం కౌంటరు ముందు బారులు తీరేవారు. విసుగొచ్చి, తన వెల్ష్ భాషలోని మాటలు పెట్టడం మొదలుపెట్టింది. ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్లకు వాటిని పలకడమే రాదు. బారు తగ్గలేదు గానీ ఆమెకు కాలక్షేపం పెరిగింది.

మర్నాడు పొద్దున అతను మళ్లీ వచ్చాడు.

"ఇదేం మాటండీ? పిలి... పాలా?"

"పిలిపాల. సీతాకోకచిలుక."

"ఈ వానలో సీతాకోకచిలుకా?"

"అందుకేగా చీటీలో దూరింది. ఇంతకీ వారం చీటీ తీసుకోవచ్చు కదా? చవక."

"వారం చీటీకి ఎన్ని మాటలు?"

"ఒకటే."

"గంట చీటీకి?"

"దానికీ ఒకటే."

"అయితే గంటదే ఇవ్వండి. వారానికి ఏడు మాటలొస్తాయి. నేనేం అంత మొద్దును కాను."

మెరెరిడ్ రిజిస్టరు తిప్పింది. పేరు జోయెల్. ఊరు ఇంగ్లండులోని విల్లెన్‌హాల్. పని, తాళాలు బాగుచేయడం.

"తాళాలవారు పాస్‌వర్డు దగ్గర పడిపోయారేం?"

"తాళమైతే చెవి ఆనించి వింటే లోపలేముందో తెలుస్తుంది. మీ దగ్గర ఆ వీలు లేదుగా."

మెరెరిడ్ హడావుడిగా కలం వెతకడం మొదలుపెట్టింది. అది ఆమె చెవి మీదే ఉందని అతను చెప్పలేదు.

అలా తొమ్మిది రోజులు నడిచింది. తొమ్మిదో రోజు పొద్దున్నే చెత్త సంచీలు ఎత్తుతూ అతని కారవాన్ పక్కనుంచి వెళ్తుంటే, కిటికీలోంచి ఆడగొంతు వినిపించింది. "నా బంగారు కొండా! నిన్ను చూడందే నాకు పొద్దు గడవదు తెలుసా!" వెనకే జోయెల్ నవ్వు.

అయితే ఇదన్నమాట రోజూ గంట ఖర్చు!

మర్నాటి చీటీలో మాట 'మోఖిన్'.

"అంటే?"

"పెద్దవాళ్లను గౌరవంగా పలకరించే మాట," అంది మెరెరిడ్, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

అప్పుడే ఇద్వాల్ బకెట్టుతో లోపలికి వచ్చాడు. జోయెల్ తల వంచి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, "మోఖిన్, ఇద్వాల్ గారూ!" అన్నాడు.

ఇద్వాల్ బకెట్టు కింద పెట్టాడు. "ఏమన్నావు?"

"మోఖిన్. మనసారా అంటున్నాను."

ఇద్వాల్ కూతురి వైపు తిరిగి, తమ భాషలో అడిగాడు. "పిల్లా, ఈ అబ్బాయి నన్ను పంది అంటున్నాడు. తెలిసి అంటున్నాడా, నువ్వు నేర్పితే అంటున్నాడా?"

కౌంటరు కింద ఏదో పడినట్టు మెరెరిడ్ చటుక్కున వంగింది.

ఆ సాయంత్రం చేతికర్ర పట్టుకుని ఒక పెద్దావిడ తుంపరలో నడుచుకుంటూ కౌంటరు దాకా వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఊపిరి కూడదీసుకుని అంది.

"నా పేరు బెరిల్. పంది తల్లిని."

మెరెరిడ్ ముఖం ఎర్రబడింది. "క్షమించండి..."

"ఎందుకూ, నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెట్టాయి. నిన్న చెత్త సంచీ మా గుమ్మంలో వదిలేసి చరచరా వెళ్లావు చూడు, అప్పుడే అనుకున్నాను. ఆ గొంతు మా చెల్లెలు మావిస్‌ది. టాస్మేనియాలో ఉంటుంది. బంగారు కొండ అంటే నేనే. చిన్నప్పుడు కొండలాగే ఉండేదాన్ని. నీకు ఒళ్లు మండిందా?"

"నాకెందుకండీ?"

"మరి పంది ఎందుకొచ్చింది?"

మెరెరిడ్ చీటీల కట్ట సర్దడం మొదలుపెట్టింది. బెరిల్ బల్లమీది చీటీ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది.

"డాక్టరు నాకూ ఇలాంటిదే ఇచ్చాడమ్మాయ్. వాడుకున్నా, వాడుకోకపోయినా నడిచిపోతుందట. క్రిస్మస్ దాకా అన్నాడు. ఇంట్లో కూర్చుని ఎందుకు దండగ చేసుకోవాలని ఇలా వచ్చేశాను. మావాణ్ణీ లాక్కొచ్చాను." ఈ కబురంతా పాల ధర పెరిగిందన్నట్టే చెప్పి, "టీ ఏమన్నా పోస్తావా?" అంది.

అప్పటినుంచి ఆ గంటకు ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున తొమ్మిదింటికి అక్కాచెల్లెళ్లు ఫోను తెరలో ఒకరినొకరు చూసుకుంటూ పోట్లాడుకునేవారు. జోయెల్ తల్లి వీపు వెనక దిండు సర్ది బయటికొచ్చేవాడు. మెరెరిడ్ కౌంటరు తండ్రికి అప్పగించి వచ్చేది. కారవాన్‌లో నడిచే గంటే ఏటి ఒడ్డున వీళ్లిద్దరిదీ. 'గ్లావ్' అంటే వాన. ఆ మాట వచ్చిన రోజు నిజంగానే వాన దంచింది. ఇద్దరూ ఒక గొడుగు కింద చేరారు. ఆ గొడుగులో 'మీరు' పట్టలేదు; 'నువ్వు' అయిపోయింది.

తిరిగి రాగానే బెరిల్ అడిగేది.

"ఏమైందిరా?"

"ఏమీ కాలేదమ్మా."

"ఏమీ కాకుండా గంటసేపు ఏం చేశారు? ఏట్లో గులకరాళ్లకు పేర్లు పెట్టారా?" తర్వాత మెరెరిడ్ వైపు తిరిగేది. "ఇద్దరిలో ఒకరన్నా నోరు తెరవండర్రా. ఆ ఒక్క మాట వినేసి పోతాను."

ఇద్దరూ తెరవలేదు. అమ్మ ఇలా ఉండగా ఒక పిల్లను ఏ ముఖంతో అడగను అని అతను. కారవాన్ల ప్రేమలు బయల్దేరే రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ అయిపోతాయని, పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను కదా అని ఆమె. ఇద్దరి దగ్గరా మంచి కారణాలే ఉన్నాయి. మంచి కారణాలతో వచ్చే చిక్కే అది.

అక్టోబరు చివర్లో, ఇక నాలుగు రోజుల్లో చలికాలానికి కారవాన్ల చోటు మూసేస్తారనగా, బెరిల్‌కు ఊపిరి అందలేదు. ఇద్వాల్ ఇంటి ఫోను నుంచి అంబులెన్సును పిలిచాడు. స్ట్రెచరు ఎక్కిస్తుండగా జోయెల్ కౌంటరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నికి కబురు పంపాలి. చీటీ ఒకటి ఇవ్వు. త్వరగా."

మెరెరిడ్ చీటీలు కొట్టే మిషను ముందు కూర్చుంది. గొంతులోకి రాని మాట అంతా వేళ్లలోకి వచ్చింది. నువ్వు వెళ్లిపోకు, నా దగ్గర ఉండు. అంతటికీ కలిపి ఒక్క మాటే కొట్టింది. అరోస్.

"దీని అర్థం?"

"కబురు పంపాక చూసుకో."

అంబులెన్సువాళ్లు పిలిచారు. అతను ఒక్క క్షణం ఆమెను చూసి వెళ్లిపోయాడు.

నవంబరు రెండో వారంలో నల్ల అంచు కార్డు వచ్చింది, ఇద్వాల్ పేరు మీద. అమ్మ అయిదో తారీఖున పోయిందని, మార్చి దాకా కారవాన్‌ను కొట్టంలో ఉంచమని. మెరెరిడ్‌కు ఒక్క ముక్క లేదు. ఆమె మూడు ఉత్తరాలు రాసింది. మూడూ పొయ్యిలోకి వెళ్లాయి. నా మాట నేను చెప్పేశాను, జవాబు అతను చెప్పాలి అనుకుంది. జనవరి నాటికి, ఏమీ రాకపోవడమే జవాబు అనుకుంది.

మార్చి మొదటి సోమవారం జోయెల్ వచ్చాడు. వాన లేదు. ఎండలో చిక్కిపోయి కనిపించాడు.

"కారవాన్ అమ్మేస్తున్నాను. కొనేవాడు శుక్రవారం వస్తాడు. ఖాళీ చేద్దామని," అన్నాడు.

"మీ అమ్మగారి సంగతి విన్నాం." పొడిగా అనాలనే అనుకుంది, సగంలో గొంతు తడిసింది. "నాకు ఒక్క ముక్క రాయలేదేం?"

"నువ్వే కదా ఆగమన్నావు."

"నేనా?"

"అరోస్ అన్నావు. అంబులెన్సు దగ్గర నిలబడే డిక్షనరీలో చూశాను. ఆగు, వేచి చూడు అని ఉంది. ఇది సమయం కాదంటోంది, తనే పిలుస్తుంది అనుకున్నాను. చలికాలమంతా పోస్టు రాగానే తలుపు దగ్గరికి వెళ్లేవాణ్ణి."

మెరెరిడ్ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"దాని కింద ఇంకో అర్థం ఉంటుంది జోయెల్."

"అంత టైమెక్కడిది?"

"ఉండిపో అని. ఇక్కడే, నా దగ్గర ఉండిపో అని. మాకు రెండింటికీ ఒకటే మాట."

రోజుకు పదిసార్లు నోట్లో నలిగే మాట. కొత్తవాడి చెవిలో దాని ఏ కొస ముందు పడుతుందో ఆమెకు తట్టనే లేదు. నడిచే నేలను ఎవరు వంగి చూస్తారు?

జోయెల్ కిటికీ వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు.

"ఆస్పత్రిలో మూడో రోజు అమ్మ అడిగింది. ఆ పిల్ల ఏమందిరా అని. ఆగమందమ్మా అన్నాను. నవ్వింది. అయితే నేను వినలేనన్నమాట అంది. తర్వాత పెద్దగా మాట్లాడలేదు."

మెరెరిడ్ రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది. అతను కౌంటరు దాటి ఇవతలికి వచ్చాడు. ఇన్నేళ్లలో చీటీ కొన్నవాళ్లెవరూ దాటని కౌంటరు అది.

"నాకు నువ్వు కావాలి," అంది ఆమె, వేళ్ల వెనకనుంచి, అతని భాషలో. "ఇందులో రెండో అర్థం లేదు."

"నాకూ అంతే. ఆగస్టు నుంచీ అంతే."

ఆ మాటలకు ఎగిరి గంతేయాల్సింది బెరిల్. ఆవిడ లేదు. ఎగరడం వీళ్లిద్దరికీ చేతకాలేదు. కొట్టానికి నడిచారు.

కారవాన్‌లో అల్మరాలు తెరిచి ఒక్కొక్కటీ తీశారు. సగం అల్లిన చేతి తొడుగు, కళ్లజోళ్లు రెండు, దిండ్లు, ఒక టీ పొట్లాల పెట్టె.

"ఉత్తరమేమన్నా పెట్టిందేమోనని ఇంట్లో కూడా అంతా వెతికాను," అన్నాడు జోయెల్. "ఏమీ లేదు. మా అమ్మ రాసే రకం కాదు. అడిగే రకం."

మెరెరిడ్ టీ పెట్టె ఊపి చూసింది. "ఇది పారేయకు. ఎన్నున్నాయో చూడు."

అతను లెక్కపెట్టాడు. మధ్యలో కళ్లు తుడుచుకుని మొదటికి వచ్చాడు. "నలభై రెండు."

"మనిషికి రోజుకొకటి."

"మూడు వారాలు పడుతుంది మెరెరిడ్. శుక్రవారం కొనేవాడు..."

"నాన్నకు చెబుతాను. వచ్చినవాళ్లను తిప్పి పంపడమంటే ఆయనకు పండగ."

స్టవ్ వెలిగించింది. నీళ్లు కాగాయి. టీ బాగా ముదిరి, బెరిల్ తాగే రంగుకొచ్చింది. కిటికీ పక్కన ఆవిడ కూర్చునే సీటు ఖాళీగానే ఉంది. ఇద్దరూ నిలబడే తాగారు.