సుబ్బరామి ఇంటి మీటరు

బళ్ళారిలో మూతబడ్డ పత్తిమిల్లు వెనక ఒక సందుంది. చీకటి పడ్డాక ఆటోవాళ్ళు అందులోకి రారు. ఎంత బతిమాలినా మెయిన్‌రోడ్డు మీదే దింపేసి, "ఈడినుంచి నడుచుకుంటా పో అక్కా" అని బండి తిప్పుకుంటారు. సందు చివర సుబ్బరామి ఇల్లుంది మరి.

సుబ్బరామి పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచీ తలుపుకు తాళమే. లోపల మనిషి లేడు, దీపం లేదు... కానీ గోడకున్న కరెంటు మీటరు మాత్రం ఆగదు. రాత్రయితే లోపల్నుంచి గర్ర్... గర్ర్... అని చప్పుడట. తలుపు సందులోంచి నీలం వేళ్ళు బయటికి రావడం చూశామన్నవాళ్ళూ ఉన్నారు.

ఈ సంగతంతా రేణుకా టీచర్‌కు చెప్పింది మీటరు రీడింగు తీసే ఉచ్చెంగెప్ప. ఆమె నమ్మలేదు. ఎమ్మిగనూరు పక్క ఆంధ్ర రైతుల క్యాంపులో, వరిమళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి. అర్ధరాత్రి నీళ్ళు కట్టడానికి తండ్రి వెంట పోయిన పిల్లకు దెయ్యాల కబుర్లేం కొత్త? పైగా ఉచ్చెంగెప్ప చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఈయన ఏదో దాస్తున్నాడని అప్పుడే అనుమానమొచ్చింది.

ఆమెకు ఆ ఇంటితో పనిబడింది సర్కారు టీచర్లతో చేయిస్తున్న ఇంటింటి సర్వే వల్ల. ఈసారి ఇళ్ళ జాబితాను కరెంటు మీటర్లను బట్టి తయారుచేశారు. మీటరుంటే ఇల్లున్నట్టే. రేణుక వంతుకొచ్చిన నూట నలభై మూడు ఇళ్ళలో నూట నలభై రెండు అయిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. పగలు రెండుసార్లు వచ్చి తాళం చూసి పోయింది. రేపే ఆఖరి రోజు. "పని సగంలో వదిలినోళ్ళకు నోటీసే మేడం" అని సూపర్‌వైజరు హరిబాబు ముందే బెదిరించి ఉన్నాడు. పగలు దొరకనివాళ్ళు రాత్రయినా దొరక్కపోతారా అని ఎనిమిదిన్నరకు ఒక్కతే బయలుదేరింది.

సందులో వీధిదీపం లేదు. ఫోను వెలుగులో నడుస్తూ చివరికొచ్చింది. తుప్పుపట్టిన తాళం అలాగే వేలాడుతోంది. పక్కన మీటరు...

ఎర్రలైటు టపటపా కొట్టుకుంటోంది. తన ఇంట్లో ఫ్రిజ్జూ మోటారూ ఒకేసారి వేసినా మీటరు అంత తొందరపడదు.

గర్ర్... గర్ర్...

చప్పుడు నిజమే!  ఎవరో దొంగకరెంటు వాడుతున్నారు, అంతే, అని తనకు తానే చెప్పుకుంది. చెప్పుకుంది గానీ తలుపు తట్టలేదు.

"టీచర్..."

లోపల్నుంచే. సన్నని గొంతు.

రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని వాళ్ళమ్మ పున్నమ్మ చిన్నప్పుడు వెయ్యిసార్లు చెప్పింది. దెయ్యానికి రెండుసార్లకు మించి పిలవడం చేతకాదట. నమ్మకం లేని మనిషి కూడా ఆ క్షణాన నోరు మూసుకునే నిలబడింది.

"రేణుకా టీచర్..."

పేరు! దీనికి నా పేరెట్లా తెలుసు?  మూడో పిలుపు కోసం చెవులు రిక్కించింది. రాలేదు... ఇంకా రాలేదు... బదులుగా తలుపు సందులోంచి నాలుగు వేళ్ళు బయటికొచ్చాయి. గోళ్ళతో సహా నీలంగా.

రేణుక కెవ్వుమంది.

"అయ్యో, అరవొద్దండి టీచర్! నేను... మంజుశ్రీని. సిక్స్‌త్ బీ."

రేణుక గోడకానుకుంది. మంజుశ్రీ! రోజూ వెనక బెంచీలో చేతులు దాచుకుని కూర్చునే పిల్ల!

ఇంతలో మిల్లు గోడ పక్కనుంచి ఒక ముసలామె టార్చి పట్టుకుని గబగబా వచ్చింది. ఆ పిల్ల అవ్వ, దుర్గక్క. మనిషిని కిందినుంచి పైదాకా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఏం కావల్ల?" అంది. టీచరని తెలిశాక కూడా ఆ చూపు మెత్తబడలేదు. గోడకున్న కంతలోంచి లోపలికి తీసుకుపోయింది.

సుబ్బరామి ఇంటి వెనకగోడ ఎప్పుడో కూలిపోయింది. దాని అవతల, మిల్లు ఆవరణలో... ఒక పేటకు పేటే ఉంది! రేకుల ఇళ్ళు, తాళ్ళమీద బట్టలు, పొయ్యిలమీద అన్నం. ఆ ఒక్క మీటరు నుంచే అన్ని ఇళ్ళకూ తీగలు. గుమ్మం గుమ్మంలోనూ మిషన్లు గర్ర్‌మంటున్నాయి. జీన్స్ ప్యాంట్లు కుడుతున్నారు. దారాలు కత్తిరించే పిల్లల చేతులు, కుట్టే పెద్దల చేతులు, అన్నీ కొత్త గుడ్డ రంగు అంటుకుని నీలంగా ఉన్నాయి. ఆరేళ్ళుగా కూతవేటు దూరంలో సత్యనారాయణపేటలో కాపురముంటూ ఇంతమందిని ఎరగనందుకు ఆమెకు సిగ్గేసింది.

"ఎన్ని కుటుంబాలు?" అని ఫోను తీసింది.

దుర్గక్క ఆ చెయ్యి పట్టేసుకుంది. "ముప్పై రెండు ఉండాయి. రాసుకోవద్దు మేడం. బేడ, వద్దంటే వద్దు. ముందు మేం వేరే తావున ఉంటిమి. ఇట్లే ఒకాయన వచ్చి, చాయ్ తాగి, అందరి పేర్లూ రాసుకునె. నెల తిరక్కనే జేసీబీ వచ్చె. దెయ్యముండాదని జనాలు అంటాండారు కదా, ఆ మాటే మాకు కాంపౌండ్ గోడ. ఉచ్చెంగెప్పకు అంతా తెలుసు. పాపం, ఆయప్ప నోరిప్పడు."

"ఇది అట్లాంటి సర్వే కాదక్కా. మీకు మంచే జరుగుతుంది."

"ఆయన కూడా సేమ్ ఇట్లే చెప్పె."

రేణుక ఫోను దించింది. పేర్లు రాస్తే మంచి జరుగుతుందని తను మాత్రం ప్రమాణం చేయగలదా? మంజుశ్రీ ఆమె మొహంలోకే చూస్తోంది.

మళ్ళీ సందులోకి వచ్చి, తాళం కనబడేలా ఫ్లాష్ వేసి ఫోటో తీసింది. "ఖాళీ ఇల్లు. ఎవరూ లేరు" అని సర్వే యాప్‌లో నొక్కి పంపేసింది.

ఇంటికి చేరేసరికి హరిబాబు ఫోను.

"మేడం, ఫోటో పెద్దది చేసి చూస్తాండా... తలుపు కింద సందులో రెండు పాదాలు ఉండాయి. చిన్నవి. లోపల ఎవరో ఉండారు. పొద్దున్నే నేను వచ్చి తాళం తీయిస్తా."

రేణుక ఫోను చెవినుంచి తీసి ఆ ఫోటో తెరిచింది. అంటే తను ఫోటో తీస్తున్నప్పుడు మంజుశ్రీ తలుపు వెనకే నిలబడి ఉంది! ఆ తాళం తీస్తే ముప్పై రెండు ఇళ్ళూ బయటపడతాయి.

"లోపల ఎవరూ లేరు సార్" అంది, గొంతు బాగా తగ్గించి. "నేను రెండు చెవులా విన్నాను... అది నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ ఇంటి సంగతి మీరు వినలేదా?"

అవతల హరిబాబు గొంతు కూడా తగ్గింది.

"...ఖాళీ అనే ఉండనీండి మేడం. నేను అప్రూవ్ చేసేస్తా."

ఫోను పెట్టేసింది. మరునిమిషంలోనే తెరమీద ఆకుపచ్చ టిక్కు పడింది. నూటికి నూరు శాతం పూర్తి. అంతమంది మనుషులను లేరని చెబితే అంత సులువుగా చెల్లిపోయింది. దెయ్యమనుకుని సందులో అరిచినప్పటికన్నా, దీపాలన్నీ వెలుగుతున్న తన ఇంట్లోనే ఒళ్ళు ఎక్కువగా జలదరించింది.