జేజి ముగ్గులో చివరి మెలిక

“కిర్రుమందప్పా! ఆగండి, ఆగండి!”

మద్దిలేటి కేకకు కోనపల్లె పాడుగోడల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ముప్ఫై ఏళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగిన మనిషి. ఇప్పుడేమో నేలలో లోహం ఉంటే కూత పెట్టే మిషన్ ఒకటి భుజాన వేసుకుని ప్రతి ఆదివారం కొండల వెంట తిరుగుతున్నాడు. వెంట ఇద్దరు. ఒకరు అతని అక్క సుంకులమ్మ, అంగన్‌వాడీలో టీచరుగా చేసి దిగిపోయినావిడ. ఇంకొకరు నంద్యాలలో గడియారాలు బాగుచేసే ఉసేను.

మూరెడు లోతు తవ్వితే అరచేయంత రాగి రేకు బయటపడింది. దాని మీద పదమూడు చుక్కలు, వాటి చుట్టూ మెలికలు తిరుగుతూ పోయే ఒకే గీత. ఒక మూల మాత్రం చిలుము తినేసింది.

ఇక మొదలైంది గందరగోళం. మిషన్ పట్టని రోజుల్లో ఈ ముగ్గురికీ మూడు పిచ్చులు. ఉసేనుకు గాలం. కాలువ గట్టున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఒక్క జెల్ల తెచ్చినా పండగే. మద్దిలేటికి పాత తాళాలు, కొలిమిలో సాగదీసిన పాత మేకులు. మంచం కింద ఆరు డబ్బాలున్నాయి, పెళ్ళాం చేత తిట్లు తినని రోజు లేదు. సుంకులమ్మకు ముగ్గులు. నోటుపుస్తకాల నిండా ముగ్గులే. ఇప్పుడు ముగ్గురూ ఒకే రేకు చూశారు, చూసింది మాత్రం ఎవరి పిచ్చి వాళ్ళు.

“ఇది వల అన్నా. ఈ చుక్కలు ముడులు,” అన్నాడు ఉసేను.

“వల లేదు, గిల లేదు! చుక్కంటే గుంత. పదమూడు గుంతలు, పదమూడు లంకెబిందెలు!” అన్నాడు మద్దిలేటి.

సుంకులమ్మ రేకు అందుకుని గీత వెంట వేలు పోనిచ్చింది. “ఒరే మద్దీ, ఇది మన జేజి ముగ్గురా.”

“నీకు అన్నీ ముగ్గులే అక్కా!”

నవ్వారు గానీ ఆవిడ నవ్వలేదు. ఈ కోనపల్లెలోనే, తన ఏడో ఏట, జేజి, అంటే వాళ్ళ నాయనమ్మ, రోజూ వాకిట్లో వేసిన ముగ్గు అది. ఈ ముగ్గు రాని పిల్లను ఆ ఊళ్ళో కోడలిగా తెచ్చుకునేవాళ్ళు కాదట. సుంకులమ్మ అన్ని మెలికలూ నేర్చింది. చివరి చుక్క దగ్గరికి వచ్చేసరికి రోజూ ఆటకు పరుగెత్తేది. ఆ ఎండాకాలమే జేజి పోయింది. యాభై మూడేళ్ళుగా ఆవిడ గీత పన్నెండు చుక్కలు చుట్టి పదమూడో దాని దగ్గర నిలిచిపోతోంది, ఆవిడ తుడిచేస్తోంది.

“ఆ ఒక్క మెలికా తెలుసుకోకుండానే చచ్చిపోతానేమోరా,” అంది కళ్ళు ఒత్తుకుంటూ. “చూడు నా కర్మ! సరిగ్గా ఆ మూలనే చిలుము తిన్యాది.”

అంతలో మద్దిలేటి ఎగిరి గంతేశాడు. “నక్కల గవి! ఆ గవిలో సున్నపురాతి స్తంభాలు ఉండాయని జేజి చెప్పలా? అవే ఈ చుక్కలు! పదండి!”

గవి అంటే గుహ. దాని నోరు తుప్పల వెనక ఉంది. మోటారు సైకిళ్ళు ఆ తుప్పల ముందే ఆపారు. ఉసేను సంచిలోంచి గాలపు తాడు చుట్ట తీశాడు. “దీన్ని ఈడ కట్టి లోపలికి పోదామన్నా, దారి తప్పకుండా.”

“మనం చేపలకు వచ్చినామా? సంచిలో పెట్టు! మిషన్‌కు చుట్టుకుంటాది.”

ఉసేను గొణుక్కుంటూ సంచిలో పెట్టాడు. ఆ తాడును అప్పుడే కట్టి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని తప్పేది.

లోపల చీకటి. టార్చి వెలుతురులో తెల్లటి స్తంభాలు, రేకు మీది చుక్కల వరసలోనే. మొదటి స్తంభం పక్కన మిషన్ గుర్రుమంది. తవ్వితే జానెడు ఇనుప మేకు! కొలిమి దెబ్బలు దాని మీద ఇంకా తెలుస్తున్నాయి. మద్దిలేటి దాన్ని ముద్దుపెట్టుకున్నాడు. మేకు సంచిలో వేసి, గుంత పూడ్చి, పైన కాలితో చదును చేశాడు. తవ్విన చోటు తెలియకుండా పూడ్చడం వాళ్ళ జట్టు నియమం, అందులో అతనంత నికార్సు మనిషి లేడు. రెండో స్తంభం, ఇంకో మేకు. మూడో స్తంభం, ఇంకో మేకు. ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క, కూత ఎటు వినిపిస్తే అటు నడిచారు. పన్నెండు మేకులయ్యాయి. బంగారం గురివెంద గింజంత కూడా లేదు.

“పోదామన్నా, ఆకలవుతాది,” అన్నాడు ఉసేను.

వెనక్కి తిరిగారు. ఎటు? అన్ని స్తంభాలూ ఒకే తీరుగా ఉన్నాయి. గుంతల జాడ లేదు. మిషన్‌ను అటు తిప్పారు, ఇటు తిప్పారు, కుయ్యి లేదు, కయ్యి లేదు.

“ఇటే వచ్చినాం.”

“కాదు, అటు!”

“ఇటేనప్పా చెప్తాండా!” అంటూ ఉసేను ఎడమ పక్కకు అడుగేశాడు. కాలి కింద నేల పెళ్ళున విరిగింది.

“యా అల్లా!”

మద్దిలేటి మిషన్ వదిలేసి అతని చేయి పట్టాడు. అక్క తమ్ముడి నడుం పట్టింది. ముగ్గురూ ఈడ్చుకుంటూ ఇవతల పడ్డారు. మిషన్, రేకు, ఉసేను చెప్పు ఒకటి, ఆ పక్కనే ఉన్న వచ్చిన దారీ అన్నీ అగాధంలోకి పోయాయి. చాలాసేపటికి అడుగున నీళ్ళ చప్పుడైంది.

మద్దిలేటి సంచి తడుముకున్నాడు. మేకులు గలగలమన్నాయి. అప్పుడు వెలిగింది అతనికి. నేల గట్టిగా ఉన్న పక్కనే ఎవరో మేకులు కొట్టిపెట్టారు. ఆ కూత పట్టుకుని తాము క్షేమంగా వచ్చారు. వస్తూ వస్తూ ఆ గుర్తులన్నీ పీకేసుకున్నారు.

“అక్కా, నా చేతులారా చంపుకున్నానే మిమ్మల్ని!”

“ఏడుపు ఆపు ముందు. జేజి ముగ్గు మొదలుపెట్టిన చోటికే వచ్చి కలుస్తుంది. ఇంకొక్క చుక్క తిరిగితే బయటపడతాం.”

ఒక్క చుక్క! పదమూడో స్తంభం ఎదురుగానే ఉంది. ఎడమా కుడీ రెండు వైపులా నలుపే. మద్దిలేటి రెండు మేకులు రెండు వైపులా విసిరాడు. రెండూ బుడుంగుమన్నాయి. టార్చి ఎర్రబడసాగింది.

సుంకులమ్మ గోడ మీది సున్నపు పొడి గీకి నేల మీద ముగ్గు మొదలుపెట్టింది. పన్నెండు చుక్కలు చకచకా తిరిగాయి. పదమూడోదాని దగ్గర చేయి ఆగిపోయింది. ఎడమా? కుడా? జేజి చేయి గుర్తు తెచ్చుకుంది. లాభం లేదు. మళ్ళీ గుర్తు తెచ్చుకుంది. చేయి కాదు, పాత చీర అంచు కింద జేజి పాదాలు కనిపించాయి. చివరి చుక్క దగ్గర జేజి రోజూ వీపు తిప్పేది. చుక్కకు వీపు పెట్టి, ఎడమకాలు జరిపి, కుడికాలు కలిపి, పక్కకు పక్కకు పోయేది. ముసలిదానికి నడుం నొప్పనుకుంది తను.

“నడుం నొప్పి కాదురా!” అని అరిచింది. “నేను చేతినే చూసినా, కాళ్ళను చూడలా! స్తంభానికి వీపు పెట్టి ఎడమకాలు జరిపితే, ఇప్పుడు మనం చూసే తట్టుకు అది కుడిపక్క. అటు నుంచే పోవాల. ఉసేనూ, తాడు తీయి!”

తాడు కొస చేతికి చుట్టుకుని ఆవిడ ముందు నడిచింది. స్తంభాన్ని అంటి పాదమంత వెడల్పు రాతి అంచు ఉంది, అంతే. ముఖం ఎదురుగా అగాధం. ఎడమకాలు, కుడికాలు. ఎడమకాలు, కుడికాలు. అవతల నుంచి తాడు రెండుసార్లు గుంజింది.

“చేప పడ్యాది!” అన్నాడు ఉసేను ఏడుస్తూ నవ్వుతూ. అతనూ దాటాడు.

చివర మద్దిలేటి. సగం దారిలో, వెనక్కి పెట్టిన అతని చేతికి స్తంభంలో ఒక తొర్ర తగిలింది. తొర్రలో బిందె మెడ, దానికో కడియం. చీకట్లోనైనా ఇనుమేదో రాగేదో తడిమి చెప్పగల వేళ్ళు అవి. ఇది ఇనుమూ కాదు, రాగీ కాదు.

“అక్కా! ఉందే! ఈడనే ఉందే!” కడియం పట్టుకుని తిరగబోయాడు. మడమ కింద రాయి పొడిపొడిగా రాలింది.

“వదలరా! దాని తట్టు తిరిగినవాడు పడతాడు! అందుకే జేజి దానికి వీపు పెట్టింది!”

మద్దిలేటి వేళ్ళు కడియాన్ని ఇంకొక్క క్షణం పట్టుకున్నాయి. తాడు గుంజింది. వదిలేశాడు. ఎడమకాలు, కుడికాలు.

వంపు తిరిగితే వెలుతురు. తుప్పలు తోసుకుని బయటపడేసరికి ఎదురుగా తమ మోటారు సైకిళ్ళే! ముగ్గురూ అక్కడే కూలబడ్డారు. తర్వాత మద్దిలేటి లేచి, మిగిలిన పది మేకులూ గవి నోటి దగ్గర పేర్చి వచ్చాడు. అవి తన డబ్బాలో పెట్టుకునే మొహం లేదన్నాడు.

మర్నాడు తెల్లారి సుంకులమ్మ వాకిలి చిమ్మి పదమూడు చుక్కలు పెట్టింది. పన్నెండు తిరిగింది. పదమూడోదానికి వీపు పెట్టి, వంగి, ఎడమకాలు జరుపుతుంటే గడపలోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది.

“ఏమత్తా, నడుం పట్టేసిందా?”

“లేదమ్మా. రా, ఇట్లొచ్చి నిలబడు,” అంది సుంకులమ్మ. గీత మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది. “మళ్ళీ వేస్తా చూడు. చేయి కాదు, నా కాళ్ళు చూడు.”