ఆర్లిస్ పాకం

పాత ఆర్డెల్ వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

వెళ్ళడానికి అక్కడ మిగిలిందీ లేదు. రైలు పట్టాలు రెండు మైళ్ళ అవతల పడుతున్నాయని తెలిసిన ఏడాదే ఊరు ఊరంతా తరలిపోయింది. కొట్లని కొట్లలాగే దుంగల మీదికెత్తి, కంచర గాడిదలు కట్టి లాక్కుపోయి, పట్టాల పక్కన దించుకున్నారు. మంగలి కొట్టు పోయింది, బాంకు పోయింది, ఆఖరికి చర్చి కూడా పోయింది. చర్చి మెట్లు మాత్రం మిగిలాయి... ఎక్కితే ఎక్కడికీ వెళ్ళని మెట్లు. ఆ మెట్లు దాటి, చెక్క వంతెన మీదుగా వాగు అవతలికి వెళ్తే ఆర్లిస్ బెథ్యూన్ చెరుకు గానుగ. పక్కనే రేకుల పాక. పాకలో ఇటుకల పొయ్యి మీద పెద్ద ఇనప బాన.

ఆ బాన వల్లే ఆ చోటికి చెడ్డపేరు.

ఆర్లిస్ పోయింది అక్కడే. నవంబరు నెల, చెరుకు పాకం వండే రోజులు. తెల్లవారి అతని భార్య ఒలీన్ ఊళ్ళోకొచ్చి చెబితే జనం పరిగెత్తారు. పొగగొట్టానికి వీపు ఆనించి కూర్చునున్నాడు, ఒళ్ళు కొయ్యబారిపోయి. ముందురోజు పొద్దుగూకేసరికే ప్రాణం పోయుంటుందన్నాడు డాక్టరు. కానీ డబ్బాలన్నీ నిండి, మూతలు బిగించి, వరసగా ఉన్నాయి. బానలో అడుగంటిన మరకైనా లేదు. పాకమంటే మాటలు కాదు. గరిటె ఆడించడం కాస్త మరిచావా, బానంతా మాడి బొగ్గవుతుంది.

మరి చచ్చినవాడి పక్కన కూర్చుని ఆ రాత్రంతా తెట్టు తీసిందెవరు? ఒలీన్ కాఫీ అందించడమే తప్ప గరిటె పట్టడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"ఆర్లిస్సే," అనేవాళ్ళు ఊళ్ళో. "బతికుండగా ఒక్క బాన మాడ్చలేదు. చచ్చాక మాడుస్తాడా?"

ఈ మాట విన్నప్పుడల్లా హాయిట్ స్పైవీకి కడుపులో కుంపటి రాజుకునేది.

హాయిట్ వేరుశనగ రైతు. మంచి కష్టజీవి. ఆర్లిస్ పోయిన రెండేళ్ళకి ఒలీన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. తనకి నచ్చిన మనిషే, వయసులో ఉన్నప్పట్నుంచీ కళ్ళలో పెట్టుకున్న మనిషే. కానీ ఆమెతోపాటు ఆర్లిస్ కూడా వచ్చాడు. ఇల్లు ఆర్లిస్ కట్టింది. వాకిట్లో పెకాన్ చెట్టు ఆర్లిస్ నాటింది. పొద్దున వేడి బిస్కెట్ రొట్టెల మీద పాకం పోసుకునే చిన్న కూజా కూడా ఆర్లిస్ తెచ్చిందే. పోన్లే అనుకున్నాడు హాయిట్. ఒక్కటి చాలు... పాకంలో వాణ్ణి ఓడిస్తే చాలు.

ఊళ్ళో కొత్త పాక వేశాడు. కొత్త బాన కొన్నాడు. మూడేళ్ళుగా వండుతున్నాడు. ఒకసారి మాడేది, ఒకసారి డబ్బాలోనే పంచదార గడ్డకట్టేది. జనం మొహమాటానికి పట్టుకెళ్ళేవాళ్ళు. "బానే ఉందయ్యా," అని, ఒక్క క్షణం ఆగి, "ఆర్లిస్ పాకమైతే..." అనేవాళ్ళు. ఆ తర్వాత మాట పూర్తి చెయ్యరు. చెయ్యక్కర్లేదు.

ఆ ఏడు నవంబరులో చర్చి వనభోజనాల దగ్గర జరిగింది అసలు సంగతి.

కొట్టు నడిపే ముసలాయన మిస్టర్ పూల్, హాయిట్ తెచ్చిన డబ్బా తెరిచి, రొట్టెముక్క ముంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. ఇంకో ముక్క ముంచాడు.

"బ్రదర్ హాయిట్, ఇదెక్కడిది?"

"ఎక్కడిదేంటి, నాదే. నిన్నగాక మొన్న వండాను."

"డబ్బా నీదే. పాకం ఆర్లిస్‌ది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలా కాస్తా రుచి చూశారు. ఎవరూ కాదనలేదు. ఒకామె కళ్ళు కూడా తుడుచుకుంది.

మిస్టర్ పూల్ గొంతు తగ్గించాడు. "శుక్రవారం రాత్రి వాగు అవతల మంట వెలుగులో పొగ చూశాను. మళ్ళీ వండుతున్నాడు. నీ తిప్పలు చూడలేకపోయాడేమో పాపం."

అందరూ నవ్వారు. హాయిట్ కూడా నవ్వాడు. నవ్వుతూనే పక్కకి చూస్తే ఒలీన్ తల వంచుకుని పళ్ళేలు సర్దుతోంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాయి అతనికి ఆ శుక్రవారాలు. బుధవారం, శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక, బొంత కుట్టడానికని స్నేహితురాలు మెల్బా ఇంటికి వెళ్తోంది ఒలీన్. వచ్చి పడుకున్నాక ఆమె జుట్టులో ఏదో వాసన. మెల్బా ఇంట్లో కట్టెల పొయ్యి ఉందిగా అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది పైన్ కట్టెల పొగ... దాని కింద, తియ్యగా, చెరుకు.

బతికున్న మగాడి దగ్గరికి వెళ్తోందని తెలిస్తే ఏం చెయ్యాలో తెలిసేది. తుపాకీ ఉంది, నోరుంది. చచ్చినవాడి దగ్గరికి వెళ్తుంటే ఏం చేస్తాడు?

బుధవారం వచ్చింది. ఒలీన్ శాలువా కప్పుకుంది.

"మెల్బా దగ్గరికేనా?"

"ఊఁ. చిలగడదుంపలు పొయ్యిలో పెట్టాను, మాడకుండా చూసుకో."

ఆమె లాంతరు మలుపు తిరిగేదాకా ఆగి, బయల్దేరాడు. లాంతరు మెల్బా ఇంటి వైపు తిరగలేదు. ఇసుక బాట పట్టి, పాత ఆర్డెల్ వైపు... అలాగే పోయింది.

వాగు మీద మంచు లేస్తోంది. ఓక్ చెట్ల కొమ్మల నుంచి చెట్టునాచు నెరిసిన గడ్డాల్లా వేలాడుతోంది. చర్చి మెట్ల దగ్గరికొచ్చేసరికి హాయిట్‌కి వినబడింది.

కిర్ర్‌ర్... కిర్ర్‌ర్...

గానుగ. తిరుగుతోంది.

అయినా ఆగలేదు. భయం కంటే పెద్దది ఇంకోటి లోపల మండుతోంది. వంతెన మీద చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దాటాడు. పాక గోడకి రేకు ఊడిన చోట కన్ను ఆనించాడు.

పొయ్యి ధగధగా మండుతోంది. బాన మీద వంగి ఒలీన్, చేతిలో చిల్లుల గరిటె. తెట్టు తీసి బకెట్లో కొడుతోంది. తీరు చూస్తే అది నిన్న నేర్చుకున్న పనిలా లేదు. ముఖం ఆవిరికి మెరుస్తోంది. పదేళ్ళు చిన్నదానిలా ఉంది.

"ఇంకా కాలేదు," అంది మెల్లగా.

పాకలో ఇంకెవరూ లేరు.

"తొందరెందుకు నీకు... చెబుతాగా." చిన్నగా నవ్వింది. ఆ నవ్వు హాయిట్ తన ఇంట్లో ఒక్కనాడూ వినలేదు.

తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఒలీన్ ఉలిక్కిపడింది గానీ గరిటె వదల్లేదు. "పక్కకి జరుగు హాయిట్. అదును దగ్గరికొచ్చింది."

"వాడేనా?"

"ఎవడు?"

"నీ మొగుడు."

"నా మొగుడివి నువ్వు." తెట్టు తీసింది, బకెట్లో కొట్టింది. "వినే ఓపికుంటే చెబుతాను. లేదంటే ఇంటికెళ్ళు."

అతను వెళ్ళలేదు. ఆమె బాన మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"ఆర్లిస్‌కి కళ్ళు పోయాయి. మా పెళ్ళైన మూడో ఏటికే పొరలు కమ్మాయి. బుడగ చిన్నదో పెద్దదో, రంగు తిరిగిందో లేదో వాడికేం తెలుస్తుంది? నేనే చూసేదాన్ని. జనం ఉంటే పక్కన నిలబడి, కాఫీ కావాలా ఆర్లిస్ అనేదాన్ని. అంటే అదునయింది, దించమని సైగ. ఎవరూ లేకపోతే గరిటె నాదే. వాడు ఆ పొగగొట్టం పక్కన కూర్చుని అయిందా, అయిందా అని చంపేవాడు. జవాబు చెప్పడం అలవాటైపోయింది... అంతే."

హాయిట్ పొగగొట్టం వైపు చూశాడు. "మరి వాడు పోయిన రాత్రి?"

"అడగడం మానేశాడు. తిరిగి చూశాను. తెలిసింది." గరిటె ఒక్క క్షణం ఆగింది. "బాన పొంగు మీదుంది. ఏడవడానికి వదిలేస్తే మాడిపోతుంది. వాడికి మాడు వాసనంటే అసహ్యం. అన్నీ నింపి, మూతలు పెట్టి, అప్పుడు పక్కన కూర్చున్నాను. తెల్లవారేదాకా."

"నాకెందుకు చెప్పలేదు?"

"పెళ్ళైన ఏడాది నీ కొత్త బాన దగ్గర గరిటె పట్టుకున్నాను. గుర్తుందా? నా చేతిలోంచి లాక్కున్నావు. ఆర్లిస్ తాత దిగొచ్చినా నీలా వండలేడనేట్టు చేసి చూపిస్తానన్నావు. ఏం చెప్పను? నీ మాడు పాకం తిని వాళ్ళు నవ్వుతుంటే చూడలేక నీ డబ్బాల్లో పాకం మార్చాను. దానికీ పేరు వాడికే పోయింది."

మూడేళ్ళుగా తను ఎవరితో పోటీ పడ్డాడో హాయిట్‌కి అప్పుడు తెలిసింది. ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైంది, వెంటనే సిగ్గుతో బరువెక్కింది. ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది తన భార్య చేతి పనిమీద. చెయ్యి చాచి ఆమె భుజం మీద వేశాడు.

ఒలీన్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. విసురుగా కాదు, మెత్తగానే.

"ఇక్కడ వద్దు, హాయిట్."

"ఎవరున్నారిక్కడ?"

ఆమె మళ్ళీ తెట్టు తీసింది. బాన కింద మంట చప్పుడు. బయట... కిర్ర్‌ర్... కిర్ర్‌ర్...

అప్పుడు తట్టింది అతనికి. "గానుగకి కట్టిన గాడిదని ఎవరు తోలుతున్నారు?"

"గాడిద మన కొట్టంలో ఉంది. రసం మధ్యాహ్నమే తీశాను." ఒలీన్ గొంతు గుసగుసలోకి దిగింది. "మొదట్లో ఇంత చప్పుడు ఉండేది కాదు. నీతో పెళ్ళైన తర్వాతే. వాడికి అసూయ ఎక్కువ."

హాయిట్ తలుపు వైపు తిరగబోయాడు. "చూడకు," అందామె. "డబ్బాలు అందివ్వు."

ఇద్దరూ కలిసి నింపారు. పొయ్యి ఆర్పి లాంతరు తీసుకుని బయటికొచ్చేటప్పుడు హాయిట్ కళ్ళు నేల మీదే పెట్టుకున్నాడు. ఎడమ పక్కన గానుగ తిరుగుతూనే ఉంది. దాని పొడవాటి దూలం గుండ్రంగా తిరిగొచ్చినప్పుడల్లా చల్లగాలి మెడకి తగిలి పోతోంది.

ముందు ఒలీన్. వెనక హాయిట్. మధ్యలో మూరెడు ఎడం.

వంతెన సగానికొచ్చారు. అక్కడ ఒలీన్ ఆగింది. లాంతరు ఎడమ చేతిలోకి మార్చుకుంది. వెనక్కి తిరగకుండానే కుడిచెయ్యి చాచి హాయిట్ చెయ్యి పట్టుకుంది. గట్టిగా, వేళ్ళలో వేళ్ళు దూర్చి.

"నువ్వు పోయి చాలా ఏళ్ళయింది," అంది. వెనక గానుగ ఒడ్డున ఉన్న చీకటితో చెబుతున్నట్టు అంది.

గానుగ ఆగిపోయింది.

టక్కున.

వాగు నీళ్ళు కూడా వినబడనంత నిశ్శబ్దం. తర్వాత వాళ్ళ వెనక, వంతెన మొదట్లో... ఒక చెక్క కిర్రుమంది.

"నడువు హాయిట్," అంది ఒలీన్, చెయ్యి వదలకుండా. "పరిగెత్తకు. నడువు."