జోడి కట్టిన చెయ్యి

ఎండకాలం మా సబ్‌జైల్ల మధ్యాహ్నం బువ్వ తిన్నంక ఖైదీలను లోపలేసి తాళాలేస్తం. ఎండ తగ్గినంక తీస్తం. ఆ నడుమ వరండల కుర్చీ ఏసుకొని జర కునుకు తీసుడు నా అలవాటు. ఆ దినం మాత్రం కన్ను మూయలే. గేటు బయట గోడ నీడకు దుర్గవ్వ కూసున్నది.

ఆమె కొడుకే రాజేశం. బెల్లంపల్లి బొగ్గుబాయిల పనిచేసేటోడు. సొంత బావను సబ్బలితోని కొట్టి చంపిండని కేసు. "నేను కొట్టలే సార్. వాడు నా చెయ్యి వట్టుకొని కొట్టిండు" అంటడు. వాడెవడురా అంటే గోడ దిక్కు చూస్తడు. ఇంటికాడ తలకాయ మందులు మింగేటోడు, ఇక్కడికొచ్చినంక అవి బందైనయ్. మా పెద్దసారేమో అంతా నాటకమంటడు. నాటకమాడేటోడు తల గోడకేసి పగలగొట్టుకుంటడా? నాకు మండుతది. ఆఖరికి డాక్టర్ రాసిచ్చిండు. సాయంత్రం బండొచ్చి హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతది.

"అప్పటిదాంక వాన్ని పానంతోని ఉంచు కొడుకా" అన్నది దుర్గవ్వ.

"ఫికర్ చెయ్యకవ్వా, నేనున్న కదా, ఈ నిజాముద్దీన్ ఉన్నడు కదా" అన్న.

మా దగ్గర ఓ రివాజుంది. తల కొట్టుకునేటోన్ని ఒక్కన్నే ఉంచం. నెమ్మదైన ఖైదీతోని జోడి కడతం. ఇద్దరి మణికట్లకు తడి తువ్వాల ముడేస్తం, వాడు లేస్తే వీడు గుంజి కూసోబెడతడు. మేకల దొంగతనం కేసుల వచ్చిన ముత్యాన్ని పిలిచిన. ఎంత కోపమున్నోన్నైనా నవ్విస్తడు.

రాజేశం నా కాళ్ల మీద పడ్డడు.

"నన్ను ఒక్కన్నే కట్టేయుండ్రి సార్. చెయ్యికి చెయ్యి కలిస్తే వాడు అవుతలోని ఒంట్లకు పోతడు."

"రానీ తియ్. వానికి గూడ బీడీ ఇస్త" అన్నడు ముత్యం.

ముడేసిన. తాళమేసిన.

సాయంత్రమైతుందనంగ కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినయ్. ఫినాయిల్ వాసన, చెమట వాసన. కాకి గూడ అరుస్తలేదు. అప్పుడు లోపల్నుంచి సప్పుడు... దబ్... దబ్... రాజేశం మల్ల తల కొట్టుకుంటుండనుకొని తాళంచెవి వట్టుకొని ఉరికిన.

రాజేశం కాదు.

ముత్యం. తువ్వాల కట్టిన వాని చెయ్యి వాని జుట్టునే వట్టుకొని, వాని తలను గోడకేసి కొడుతుంది. కొట్టినప్పుడల్లా "వద్దు... వద్దు..." అంటుండు ముత్యం. రాజేశం రెండు కాళ్లు గోడకు తన్నిపెట్టి, తువ్వాల వట్టి ఎనుకకు గుంజుతుండు. ఏడుస్తుండు. గోడ మీదికెళ్లి నెత్తురు కారుతుంది. కింద వాని నోట్ల పండ్లు రాలి పడి ఉన్నయ్.

యా అల్లా... మనిషి చేతుల అంత బలముంటదా? ఆ మణికట్టును రెండు చేతులతోని వట్టుకున్న. ఒక్కపారి బొక్క ఇరిగిన సప్పుడైంది. చెయ్యి వదులైంది. ముత్యం గోడకు జారి కిందపడ్డడు. ముక్కు కాడ వేలు పెట్టి చూసిన. శ్వాస లేదు.

రాజేశం నన్నే చూస్తుండు. ఇన్ని దినాలల్ల వాని మొహం అంత తేటగ నేను చూడలే.

"సార్..." గుసగుసగ అన్నడు. "ఎందుకు ముట్టినవ్ సార్?"

అప్పుడే బండొచ్చింది. జైలంతా ఆగమాగమైంది. వీన్ని ముందు పంపియ్యుమని పెద్దసార్ ఒర్రిండు. రాజేశాన్ని బండెక్కించిన. పానంతోని ఉన్న కొడుకును చూసి దుర్గవ్వ ఉరికొచ్చింది. నా కుడిచెయ్యి తన రెండు చేతులల్లకు తీసుకొని కండ్లకు అద్దుకున్నది. "మాట నిలుపుకున్నవ్ కొడుకా" అని ఏడ్చింది. నాకు గూడ ఏడుపొచ్చింది.

బండి లోపల్నుంచి రాజేశం కిటికీ జాలీని గుద్దుతుండు. "అవ్వా, ఆ చెయ్యి ఇడువే..."

దుర్గవ్వ ఇడిసింది. నా వేళ్లు ఆమె మణికట్టు మీద మూసుకున్నయ్.

"మెల్లగ కొడుకా... నొస్తుంది."

"ఇడుస్తున్న అవ్వా" అన్న.

నిజంగనే ఇడుస్తున్న. వేళ్లు మాత్రం ఆమె గొంతు దిక్కు పోవట్టినయ్...