ఇరవై రెండంగుళాల గౌను

పొద్దున్నే కుట్టుమిషను మీద దుమ్ము దులుపుతుంటే కూతురు వెనకనుంచి వచ్చి నిలబడింది. ప్యాంటు నడుం దగ్గర గుప్పిట బిగించి పట్టుకుని ఉంది. వదిలితే జారిపోయేలా ఉంది.

"అమ్మా, ఇంకో అరంగుళం లోపలికి వేసిపెట్టవూ? టైమైపోతోంది."

"మొన్నేగా వేశాను?"

"మొన్నది మొన్న."

తల్లి గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని వంగింది. పెద్ద బట్టల కంపెనీలో పదిహేడేళ్ళుగా కటింగ్ చేస్తోంది. అక్కడ అందరూ పిలిచేది కత్తెరమ్మ అనే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరి నోటా పలకదు. టేపు చుట్టి చూసింది. ఇరవై నాలుగు. మూడు నెలల కిందట ఇదే నడుం ఇరవై ఎనిమిది. వారం వారం ఈ పిల్ల తెచ్చిన బట్టలన్నీ తనే బిగించింది. కుట్టు పైకి కనబడకుండా ఎంత శుభ్రంగా కుదిరిందో చూసుకుని మురిసిపోయింది కూడా.

మూల కుర్చీలో మోకాళ్ళకు నూనె రాసుకుంటున్న అత్తగారు ఊరుకోలేదు. "కోడలా, ఆ ఫ్యాను ఆపు. పిల్ల కిటికీలోంచి ఎగిరిపోగలదు."

"నాయనమ్మా! మోడలంటే ఇలాగే ఉండాలి."

"మోడలో మేకో, దేనికైనా నమలడానికింత ఉండాలా వద్దా?"

కూతురు నవ్వలేదు. టిఫిన్ పళ్ళెం మీద మూత కూడా తీయకుండా చెప్పులేసుకుంది. తల్లి పనిచేసే కంపెనీ పెడుతున్న ఫ్యాషన్ షోలోనే పందొమ్మిదేళ్ళకి మొదటి అవకాశం దొరికింది. "నువ్వు మా అమ్మవని అక్కడెవరికీ చెప్పకు, సిఫార్సనుకుంటారు" అని ముందే ఒట్టు వేయించుకుంది. వేరే బస్సులో వెళ్ళింది.

ట్రయల్ గదిలో మూడువైపులా అద్దాలు. కూతురు మధ్యలో పీట మీద, కత్తెరమ్మ టేపు పట్టుకుని పక్కన నిలబడ్డారు. వెనక వరసలో ఇంకో నలుగురు పిల్లలు. వాళ్ళలో ఓ పొడుగు జడ అమ్మాయి గోడకు చేరబడి, కళ్ళు మూసుకుని ఉంది. గౌను తొడిగి జిప్పు లాగారు. సగానికొచ్చి ఆగింది. ఆ గౌను కత్తిరించింది కత్తెరమ్మే. కొలతల కాగితం మీద నడుం ఇరవై రెండని ఉంటే ఇరవై రెండుకే కోసింది. అందులో దూరేదెవరని అడగడం తన పని అనుకోలేదు.

కంపెనీ నడిపే మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "రెండంగుళాలు. వారం టైముంది. గట్టిగా ఉండేదేదీ ముట్టకు. షోకి ముందురోజు నీళ్ళు కూడా తగ్గించు."

"సరే మేడం" అని తలూపింది పిల్ల. ఇంట్లో అన్నిటికీ ఎదురు చెప్పే పిల్ల, ఇక్కడ ఇంత బుద్ధిగా తలూపడం చూసి తల్లి ముందుకొచ్చింది.

"మేడం, లోపల బట్ట వదిలాను. సైడు కుట్టు విప్పితే పది నిమిషాల పని."

"అక్కర్లేదు. గౌను మారదు. పిల్లే మారుతుంది."

కత్తెరమ్మ పీట పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చంక కిందనుంచి నడుం దాకా సైడు కుట్టు పరపరా విప్పేసింది.

"నీకేమైనా పిచ్చా? అది శాంపిల్!"

"దేనికి శాంపిల్ మేడం? ఆకలికా?"

పక్క గదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మేడం గొంతు తగ్గించింది. "చూడు, ఇది నా ఒక్కదాని సరదా కాదు. ఫోటోలు తీసేవాళ్ళు అడిగేదిదే, పత్రికలు వేసేదిదే, జనం కోరేదిదే."

"జనాన్ని నేనూ చూస్తున్నా. షోరూంలో బట్ట పట్టకపోతే సరిచెయ్యడానికి పిలిచేది నన్నేగా. జిప్పు ఎక్కకపోతే ఆడవాళ్ళు నాకు సారీ చెబుతారు మేడం! కాస్త లావయ్యానమ్మా అని తలొంచుకుంటారు. ఇరుగ్గా కొయ్యమన్నది మీరు, కోసింది నేను, సారీ మాత్రం వాళ్ళదా? పోస్టర్లో ఈ పిల్లల్ని ఎండబెట్టి నిలబెడతాం, దాన్ని చూసి వాళ్ళు ఇళ్ళలో ఎండుతారు. మళ్ళీ మనమే, జనం అడిగారంటాం."

"అసలీ పిల్ల నీకేమవుతుందని?"

"కన్నాను."

మేడం కాసేపు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తరువాత తలుపు వైపు చెయ్యి చూపింది. కత్తెరమ్మ లేచింది. "మనిషిని చూసి బట్ట కొయ్యడం నేర్చుకున్నదాన్ని. బట్టను చూసి మనిషిని కోసే పని నా వల్ల కాదు."

ఇంటికొచ్చాక కూతురు సంచీ నేలకేసి కొట్టింది. "నిన్నెవరు మాట్లాడమన్నారు? మూడు నెలలు కష్టపడ్డాను! నీ ఉద్యోగం పోయింది, నా ఛాన్సూ పోయింది. కడుపు చల్లబడిందా?"

"లేదే" అంది తల్లి. "మేడాన్ని అన్నాను గానీ, నేను మాత్రం ఏం తక్కువ? నా వేళ్ళ కిందే నువ్వు తరిగిపోతుంటే కుట్టు బాగొచ్చిందా అని చూసుకున్నాను. బట్టను చూశానే తల్లీ, నిన్ను చూళ్ళేదు."

ఆ మాటతో పిల్ల కోపం ఎటు పోయిందో, గోడకానుకుని కూలబడింది. "ఎప్పుడూ చలేస్తోందమ్మా. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. అయినా అద్దంలో లావుగానే కనబడతాను. చెబితే మానిపించేస్తావని చెప్పలేదు."

తల్లి దగ్గరికి లాక్కుంది. వీపు మీద ఎముకలు చేతికి తగిలాయి. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం. నీతో నేనుంటా" అంటుండగానే కొంగు తడిసింది.

అప్పుడే ఫోను మోగింది. మేడం. గొంతు బయటికే వినబడుతోంది. "మీ అమ్మ సంగతి వదిలెయ్. వారంలో గౌను పడితే మొదట నడిచేది నువ్వే. లేదంటే ఆ పొడుగు జడ పిల్లకిస్తాను. అది ఏమైనా చేస్తానంది."

పిల్ల తల్లి వంక చూసింది. నోటిదాకా వచ్చిన మాటను తల్లి బలవంతాన మింగేసింది. ఇది పిల్ల చెప్పాల్సిన జవాబు.

"నేను లావు కాదు మేడం" అంది పిల్ల. "మీ గౌనే ఇరుకు."

ఫోను పెట్టేసింది. వెంటనే ఇంకో నంబరు నొక్కింది. "ఏయ్, నేనే. ఆ గౌను ఒప్పుకోకు. ముందిది చెప్పు, నిన్నట్నుంచి ఏం తిన్నావ్? అబద్ధమాడకు, నేనూ తినలేదు. మా ఇంటికి రా. ఒక్కదాన్నే తినాలంటే నాకూ భయంగా ఉంది."

అత్తగారు మెడ చాపింది. "ఎవరే?"

"నాతో నడవాల్సిన ఆ పొడుగు జడ పిల్ల నాయనమ్మా. ఏడుస్తోంది."

"ఏడవనీ. ఏడిస్తే ఆకలేస్తుంది. త్వరగా రమ్మను."