హాజీ ఖద్దూర్ వీపు

వీపులో ఒకే ఒక్క పోటు.

హాజీ ఖద్దూర్ గోడను కౌగిలించుకున్నట్టు ఒరిగి, మోకాళ్ల మీదికి జారి ఉన్నాడు. తెల్లటి జెల్లాబా అంగీ వెనక అరచేయంత ఎర్ర మరక. ముందు భాగం మాత్రం అప్పుడే ఉతికి తొడిగినట్టు ఉంది.

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు హత్య. ఎనిమిదీ ఇరవై ఐదుకు ఇన్‌స్పెక్టర్ తూరియా స్పాట్‌లో ఉంది.

ఫెజ్ పాత బస్తీలో పచ్చి తోళ్లు నానబెట్టి ఊనే తొట్ల దగ్గర్నుంచి పైకి వచ్చే సందు అది. నాలుగు మూరల వెడల్పు. రెండు వైపులా మూడంతస్తుల గోడలు. అందులో ఎవరైనా అరిస్తే ఆ అరుపు ఎటునుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

తూరియాకు యాభై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులు. నోరు మంచిది కాదని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆమె శవం మీదికి వంగి చూసింది.

హెడ్ కానిస్టేబుల్ బువజ్జా గొంతు తగ్గించి అన్నాడు. “మేడమ్, ఈయనకి వీపులో పోటా? చచ్చినా నమ్మను.”

“ఆయన చచ్చాడుగా. ఇక నమ్ము.”

బువజ్జా అన్నదాంట్లో తప్పేం లేదు. ఫెజ్‌లో ఖద్దూర్ వీపు చూసినవాడు లేడు. కాఫీ హోటల్లో గోడకు ఆనుకునే కూర్చుంటాడు. మసీదులో చివరి వరుస. క్షౌరం చేయించుకుంటే వెనక ఇంకో అద్దం పెట్టాల్సిందే. చివరికి జీతం ఇచ్చి పెట్టుకున్న బాడీగార్డ్‌ను కూడా రెండడుగులు ముందు నడిపించి, తను వెనక నడిచేవాడు. జేబులో పిస్తోలు.

ఆ భయం ఊరికే రాలేదు. మూడేళ్ల కిందట అతని తోలు సంచుల వర్క్‌షాప్ తగలబడింది. ముగ్గురు ఆడపిల్లలు లోపలే కాలిపోయారు. పని మధ్యలో బయటికి పోతారని తలుపుకు బయట తాళం వేయించేవాడు మహానుభావుడు. మాడిన ఆ తాళాన్ని బూడిదలోంచి ఏరింది తూరియాయే. కోర్టు తేదీ వచ్చేసరికి తాళం మాయం. తలుపు తీసే ఉందని ఒక సాక్షి ప్రమాణం చేశాడు. ఖద్దూర్ నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. ఆ చేదు తూరియా నాలుక మీద ఇంకా పోలేదు.

అతను ఇంటికి పోయాడు గానీ ధైర్యం పోయింది. చనిపోయినవాళ్ల చుట్టాలందరి ఫోటోలూ సంపాదించి కొట్లో బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. మొత్తం పదకొండు మొహాలు. రోజూ చూసి గుర్తుపెట్టుకునేవాడట. ఆ పదకొండు మందిలో ఎవరు ఎదురైనా ఇంకో సందులోకి తిరిగేవాడు.

కానీ ఒక్క మొహాన్ని తప్పించుకోలేకపోయాడు.

పుదీనా అమ్మే యామ్నా. కాలిపోయిన హసీబా తల్లి. అరవై ఏళ్లుంటాయి. ఈ సందులోనే కూర్చుంటుంది. శవానికి నాలుగడుగుల దూరంలో, మురుగు తూము కటకటాల పక్కనే ఆమె బుట్ట.

ఆ తూములోనే బువజ్జా చేతికి ఆయుధం దొరికింది. చెప్పులు కుట్టే ఆరె. జానెడు పొడవు. చెక్క పిడి.

ఆరె ఎదురు కొట్టు అల్లాల్‌ది. డెబ్బై ఏళ్లవాడు, పసుపుపచ్చ చెప్పులు కుడతాడు. అయిదేళ్ల కిందట గొంతు ఆపరేషన్ అయింది. గుసగుస తప్ప మాట రాదు. బువజ్జా ఆయన మూతి దగ్గర చెవి పెట్టి స్టేట్‌మెంట్ రాసుకున్నాడు.

“ఆరె ఎప్పుడు పోయింది, ఉస్తాద్?”

“నిన్నట్నుంచి కనపడ్లా. ఈ కొట్లో టీ తాగి పోనివాడెవడు నాయనా? ఎవరిని అనమంటావ్?”

“హత్య చూశావా?”

“ఎట్లా చూస్తాను? కంచరగాడిద వచ్చింది కదా.”

మూడో సాక్షి బాడీగార్డ్ జవాద్. ముప్పై ఏళ్లవాడు, కాసాబ్లాంకా నుంచి వచ్చాడు. ఖద్దూర్ కొలువులో చేరి ఆరు నెలలు. చేతులకు నెత్తురు.

“ఆ నెత్తురేంటి?” తూరియా అడిగింది.

“పట్టి చూశాను మేడమ్, బతికున్నాడేమోనని.”

“మొదట్నుంచి చెప్పు.”

“ఎప్పట్లాగే నేను ముందు, ఆయన వెనక. ‘బాలాక్! బాలాక్!’ అని అరుపు వినపడింది. తప్పుకున్నాం.”

“ఎట్లా తప్పుకున్నావ్?”

“అందరూ తప్పుకున్నట్టే. మొహం గోడకు పెట్టి. గాడిద పోయాక తిరిగి చూస్తే ఆయన పడున్నాడు.”

ఈ మాట అర్థం కావాలంటే ఫెజ్‌లో పుట్టాలి. ఆ సందుల్లో సరుకంతా కంచరగాడిదల మీదే పోతుంది. ‘బాలాక్’, అంటే తప్పుకోండి, అన్న కేక వినపడితే జనం ఆలోచించరు. నడక రాని పసివాణ్ణి సంకనెత్తుకున్న తల్లి కూడా గోడకు అంటుకుపోతుంది. ఇది తోళ్ల దారి కాబట్టి ఇంకో అలవాటు కూడా ఉంది. పచ్చి తోళ్ల నుంచి రంగునీళ్లు కారతాయి. బట్టల ముందువైపు పాడు కాకుండా ఈ సందువాళ్లు మొహం గోడకు తిప్పుతారు. మూడేళ్లుగా ఎవరికీ వీపు ఇవ్వని ఖద్దూర్, ఒక గాడిదకు ఇచ్చాడు.

“గాడిద ఏ రంగు?” తూరియా అడిగింది.

“నల్లది,” అన్నాడు జవాద్.

“గోధుమరంగు,” గుసగుసలాడాడు అల్లాల్.

పైన మలుపులో రొట్టెల పొయ్యి దగ్గర నలుగురు ఆడవాళ్లున్నారు. హత్య తర్వాత అటు ఎవరూ పరుగెత్తలేదని చెప్పారు. గాడిదైతే వెళ్లిందన్నారు. తెల్లదట.

“మీ కళ్లతో చూశారా అక్కా?”

“చూడ్డమేంటమ్మా, తోలేవాడి కేక వినపడలా?”

తూరియా నోట్‌బుక్ మూసింది.

తొమ్మిదిన్నరకు కమిషనర్ ఫోన్. “ఏంటి తూరియా, ఇంత ఆలస్యం? కూతురు కాలిపోయిన తల్లి. పక్కనే కూర్చుంది. ఆయుధం ఆమె కాళ్ల కింద దొరికింది. ఇంకేం కావాలి నీకు? పన్నెండింటికల్లా ఆ ముసలమ్మ జైలు వ్యాన్‌లో ఉండాలి.”

“మూడేళ్ల కిందట ఇంత తొందర పడుంటే బాగుండేది సార్.”

అవతల ఫోన్ పెట్టేశారు.

తూరియా ఫోన్ జేబులో వేసుకుని, యామ్నా పక్కన రాయి మీద కూర్చుంది. మోకాలు కలుక్కుమంది.

“అమ్మా, నువ్వు చంపావా?”

యామ్నా తలెత్తలేదు. శత్రువు చచ్చిన మనిషి మొహంలా లేదు ఆమెది. ఇల్లు దోచుకుపోయినట్టు కూర్చుంది.

“నేనెందుకు చంపుతాను బిడ్డా? వాడు పోయాక నాకేం మిగిలింది?”

“నాటకం మేడమ్,” అన్నాడు బువజ్జా.

“నువ్వు నోరు ముయ్యి.”

పన్నెండుకు ఇంకా రెండు గంటలకు పైగా ఉంది. కూతుర్ని మింగినవాడి కేసులోనే తల్లిని కూడా లోపలేయడమా? తన చేతులతో ఆ పని చేయనని తూరియా మనసులో ఒట్టు పెట్టుకుంది.

పదీ పదిహేనుకు కింద నుంచి కేక వినిపించింది. “బాలాక్! బాలాక్!”

ఈసారి నిజంగానే గాడిద. పసుపు రంగు తోళ్లు గుట్టగా వేసుకుని సందంతా నిండిపోయి వచ్చింది. తూరియా గోడకు అంటుకుంది. బువజ్జా అంటుకున్నాడు. అల్లాల్ బయట వేలాడదీసిన చెప్పుల దండ లోపలికి లాక్కుని అటు తిరిగాడు. యామ్నా బుట్ట మీదికి వంగి గోడవైపు ముడుచుకుంది.

గాడిద పోయింది. రాళ్ల మీద పసుపు నీళ్ల చారిక మిగిలింది. బువజ్జా యూనిఫాం వీపు మీద చుక్కలు. “నా భార్య నన్నూ నానబెడుతుంది ఈరోజు,” అని గొణుక్కున్నాడు. జవాద్ జేబురుమాలుతో బట్టలు తుడుచుకుంటున్నాడు.

తూరియా అతని వంక చూసింది. తర్వాత కిందికి, హత్య జరిగిన చోటికి చూసింది. శవాన్ని తీసుకుపోయాక మిగిలిన చాక్ గీత పక్కనే ఈ కొత్త చారిక. పొద్దున తను వచ్చినప్పుడు ఈ రాళ్లు ఎండి ఉన్నాయి.

తోళ్ల తొట్ల కావలివాడికి ఫోన్ చేసింది.

“ఈరోజు మొదటి గాడిద ఎన్నింటికి బయల్దేరింది?”

“పది గంటలకమ్మా. పొద్దున నీళ్లు వదల్లేదు. పని ఆలస్యంగా మొదలైంది. మా గాడిదలకి కూడా సెలవే అనుకున్నాం.”

“ఒక్కటి కూడా ముందు రాలేదా?”

“గేటు తాళం నా మొలతాడుకే ఉందమ్మా. ఎట్లా వస్తది?”

* * *

పదకొండున్నర. అల్లాల్ కొట్టు ముందు నలుగురూ ఉన్నారు. అల్లాల్ తన గుమ్మంలో. యామ్నా బుట్ట దగ్గర. జవాద్ గోడకు ఆనుకుని, వీపు వెనక చేతులు పెట్టుకుని. బువజ్జా బేడీలు పట్టుకుని.

“యామ్నాను అరెస్ట్ చేయమని ఆర్డర్ వచ్చింది,” తూరియా మొదలుపెట్టింది. “అంతకు ముందు ఒక మాట. పొద్దున ఎనిమిదీ పదికి ఈ సందులో గాడిద రాలేదు.”

“వచ్చింది!” అల్లాల్ గుసగుస కూడా గట్టిగానే వినపడింది.

“ఏ రంగుది ఉస్తాద్? నీకు గోధుమరంగు. పొయ్యి దగ్గరి ఆడవాళ్లకు తెల్లది. ఇతనికి నల్లది. ఎవరూ చూళ్లేదు. కేక విన్నారు. గాడిదను మీ బుర్రలే చేసుకున్నాయి. ఇక్కడ పుట్టినదాన్ని, నేనూ అంతే చేశాను. పొద్దున రాళ్లు ఎండి ఉన్నాయి. ఖద్దూర్ బట్టల మీద ఒక్క రంగు చుక్క లేదు. గేటు తెరిచింది పది గంటలకు.”

తూరియా ఒక్కో మొహం చూసుకుంటూ వచ్చింది.

“గాడిద లేకుండా కేక వేసిందెవరు? మగ గొంతు. ఇక్కడున్న మగవాళ్లు ముగ్గురు. ఒకడు చచ్చాడు. ఒకడికి గొంతు లేదు.”

జవాద్ నవ్వబోయాడు. “నేనా? నేనూ గోడకు తిరిగే ఉన్నాను మేడమ్. ఇందాకే చెప్పాగా.”

“చెప్పావు. పదీ పదిహేనుకు అసలు గాడిద వచ్చినప్పుడు ఏం చేశావో కూడా చూపించావు. బువజ్జా, అటు తిరుగు. ఇదిగో, వీపు మీద చుక్కలు. నా కోటు చూడు, వీపు మీద. ఈ అమ్మ శాలువా, వీపు మీద. నీ చొక్కా చూసుకో జవాద్.”

అందరూ చూశారు. తెల్ల చొక్కా రొమ్ము మీద, జేబు దగ్గర, పసుపు చుక్కలు. తుడిస్తే ఇంకా పాకాయి.

“నువ్వు కాసాబ్లాంకావాడివి. అక్కడ వెనక హారన్ కొడితే ఏం వస్తోందో తిరిగి చూస్తారు. ఇవాళ కూడా అదే చేశావు. మాకు ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది. నువ్వు ఆరు నెలలు ముందు నడుస్తూ మమ్మల్ని చూశావు. పిస్తోలు పెట్టుకుని కాకిని కూడా అనుమానించే మనిషి దేనికి అనుమానపడడో కనిపెట్టావు. మలుపువైపు తిరిగి కేక వేశావు. గొంతు ఎవరిదని ఆలోచించే లోపే అతని ఒళ్లు గోడకు తిరిగిపోయింది. ఒక్క పోటు. ఆరె తూములోకి. నువ్వూ గోడకు.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రంగునీళ్లు పట్టించాయి.

జవాద్ మొహంలో నవ్వు పోయింది. “ఎందుకు చంపుతాను? ఆయన బల్ల అద్దం కింద నా ఫోటో లేదే.”

“అదే నేనూ అడుగుతున్నా. ఎవరి తాలూకు నువ్వు?”

అతను యామ్నా వైపు చూశాడు. బువజ్జా చేతిలో బేడీల వైపు చూశాడు. తర్వాత చెప్పాడు.

“గిజ్లాన్.”

కాలిపోయిన ముగ్గురిలో చిన్నది. పందొమ్మిదేళ్లు.

“పెద్దలు ఫాతిహా చదివి మా పెళ్లికి మాట ఇచ్చుకున్నారు. కాగితం రాయలేదు. పండగ తర్వాత రాద్దామనుకున్నాం. కాగితంలో లేనివాడి ఫోటో వాడికెక్కడ దొరుకుతుంది?” అతను తూరియా వైపు తిరిగాడు. “ఆరు నెలలు వాడి చెప్పులు మోశాను మేడమ్. ప్రతి పూటా వాడి ముందు నడుస్తూ, ఇవాళ ఇవాళ అనుకున్నా. నాకు బాధ లేదు. మళ్లీ పుట్టి వచ్చినా పొడుస్తా.”

“వాడి మీద నాకూ జాలి లేదు. కానీ ఈ తల్లి చేతికి బేడీలు వేస్తారని విని కూడా గోడకు ఆనుకుని నిలబడ్డావే, అది మాత్రం క్షమించను. ముందే నోరు విప్పొచ్చు కదరా?”

“విప్పేవాణ్ణే.”

“ఎప్పుడు? వ్యాన్ వెళ్లాకా?”

జవాద్ యామ్నా దగ్గరికి వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. “అమ్మా, నీ కూతురి కోసం కూడా పొడిచాను. ఆ ముగ్గురి పగా తీరింది.” మెచ్చుకుంటుందనే అనుకున్నాడు పాపం.

యామ్నా మొదటిసారి తలెత్తింది.

“వాడికి తెలిసిందా?”

“ఏంటమ్మా?”

“పొడిచింది ఎవరో. ఎందుకు పొడిచారో. వాడికి తెలిసిందా?”

“అంత టైమ్ లేదు. మొహం గోడవైపు ఉంది కదా.”

“అరిచాడా?”

“లేదు.”

“నొప్పి?”

“ఒక్క పోటుకే పోయాడమ్మా.”

యామ్నా చేయెత్తి అతని చెంప మీద కొట్టింది. ముసలి చేయే అయినా సందంతా వినిపించింది.

“మూడేళ్లు నేనిక్కడ పుదీనా అమ్ముకోవడానికి కూర్చున్నాననుకున్నావురా? వాడు ఏ దారి మార్చుకున్నా కొట్టుకు పోవాలంటే ఇదే దారి. రోజూ నన్ను చూడాలి. చూసి చావాలి. నేను కత్తితో కాడలు కోస్తుంటే వాడి కాళ్లు వణకడం చూశాను. బొద్దుగా ఉన్నవాడు పుల్లయ్యాడు. కన్నపిల్లలు వెనక నుంచి వస్తే కేక పెట్టేవాడట. నిద్ర లేదు, తిండి లేదు. పండు ముసలివాడై మంచాన పడ్డా భయంతోనే పడాలని అయిదు పూటలా దువా చేసేదాన్ని, వాడి ఆయుష్షు కోసం! నా బిడ్డ తలుపు కొడుతూ అరగంట కాలింది. వాణ్ణి నువ్వు రెప్పపాటులో పంపావు. వాడికి ఈ రాత్రి నుంచి భయం లేదురా. ఎంత సుఖంగా పంపావురా వాణ్ణి!”

తూరియా బువజ్జాకు సైగ చేసింది. బువజ్జా బేడీలు వేస్తుంటే, అప్పటిదాకా తలెత్తుకుని ఉన్న జవాద్ మోకాళ్ల మీదే వంగిపోయి ఏడ్చాడు.