సుహైలా గొంతు మీద ఇంకో గొంతు

బహరీ పేటలో ఏ ఇంట పెళ్ళి జరిగినా ఆ ఇద్దరు పిల్లలూ పాడాల్సిందే. రబాబ్‌కి పదిహేడేళ్ళు, సుహైలాకి పదహారు. అలెగ్జాండ్రియా రేవు పక్కన, చెక్క పడవలు కట్టే వీధిలో ఎదురెదురు ఇళ్ళు వాళ్ళవి. రబాబ్ గొంతు నేలలా కింద నిలబడితే, సుహైలా గొంతు దాని మీద కాలు మోపి పైకి లేచేది. ఇద్దరూ కలిసి ఎత్తుకుంటే చేపలు తోముతున్న ఆడవాళ్ళు కూడా చేతులాపి వినేవాళ్ళు.

కాసెట్ల కంపెనీ నడిపే రిఫాత్ ఒక పెళ్ళిలో వాళ్ళని విన్నాడు. మర్నాడే సుహైలా ఇంటికొచ్చి, వాళ్ళమ్మ నఈమా ఇచ్చిన టీ తాగుతూ, "వేసవి వెళ్ళేలోగా ఈ దేశంలో తిరిగే ప్రతి టాక్సీలోనూ మీ పిల్లలే పాడతారు చూడండి" అన్నాడు. ఆల్బం పేరు కూడా అక్కడికక్కడే పెట్టేశాడు. 'బనాత్ బహరీ', బహరీ పిల్లలు. అట్ట మీది ఫోటో కోసం నఈమా తన మిషను మీద నిమ్మపండు రంగు గౌన్లు రెండు కుట్టింది. మెడ చుట్టూ తెల్ల పూసలు చేత్తోనే గుచ్చింది.

ఒక్క పాట తప్ప ఆల్బం అంతా పూర్తయింది. ఆ చివరి పాటలో సుహైలా బాగా పైకి ఎత్తుకోవాలి. ఆ రోజు రిఫాత్ రబాబ్‌తో, "నీ వంతు అయిపోయిందిగా, ఇంటికెళ్ళు. నువ్వుంటే అది నవ్వుతూ కూర్చుంటుంది" అన్నాడు. రబాబ్ వెళ్ళిపోయింది. సాయంత్రానికి సుహైలా శవమై ఇంటికొచ్చింది.

"ఉబ్బసం ఉన్నట్టుంది పాపం. పాడుతూ పాడుతూ ఊపిరాడక పడిపోయింది" అన్నాడు రిఫాత్, రుమాలుతో కళ్ళొత్తుకుంటూ. అతని వెంట వచ్చిన డాక్టరు అదే మాట కాగితం మీద రాసిచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఖననం అయిపోయింది.

ఉబ్బసమా! రేవు చివరి కోట వెనక రాళ్ళ మీంచి సముద్రంలోకి దూకి, గట్టు మీద మగపిల్లలు భయపడి కేకలు పెట్టేదాకా పైకి తేలని పిల్లకి ఉబ్బసమా! ఆ మాట విన్నప్పటి నుంచీ రబాబ్ కడుపులో నిప్పు పడింది. అన్నం ముందు కూర్చున్నా మండేది, పడుకున్నా మండేది.

నలభయ్యో రోజు ప్రార్థనలు కూడా అయ్యాక, రబాబ్‌ని స్టూడియోకి రమ్మని రిఫాత్ నుంచి కబురొచ్చింది. నఈమా రబాబ్ చేతులు పట్టుకుంది. "నాకు ఇంకేమీ వద్దమ్మా. దాని గొంతున్న టేపు ఒక్కటి అడిగి తీసుకురా. రోజూ దాని గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. సగమే గుర్తొస్తోంది" అంది.

రబాబ్ వెళ్ళింది.

మన్షియా పేటలో ఒక పాత మేడ కింద, నేలలోపల ఉండేది ఆ స్టూడియో. పైన ఆగస్టు ఎండ నిప్పులు చెరుగుతోంది. మిట్టమధ్యాహ్నం. మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మెట్టుకీ వెలుగు తగ్గింది. కింద కిటికీలన్నవే లేవు. గోడలకి బొంత గుడ్డలు కొట్టి ఉన్నాయి. పాత సిగరెట్ల కంపు, చెమ్మ, ఉప్పుగాలికి కుళ్ళిన చెక్క వాసన. మూలన పాడే గది, దానికి గాజు పలక, పక్కన మందపాటి తలుపు. ఆ తలుపు చెక్క ఉబ్బిపోయి సరిగ్గా మూసుకోదని, బయటి మోత లోపలికి పోకుండా దానికి బయటి వైపు ఇనప గడియ పెట్టించాడు రిఫాత్.

యంత్రం ముందు రికార్డింగు చేసే బిష్రీ కూర్చుని ఉన్నాడు. రబాబ్‌ని చూసి తల దించుకున్నాడు. అతని పక్కన స్టూలు మీద ఒక పిల్ల కూర్చుంది. పద్నాలుగేళ్ళుంటాయేమో. ఆ పిల్ల ఒంటి మీద నిమ్మపండు రంగు గౌను ఉంది. వదులుగా ఉంటే వీపు దగ్గర పిన్నీసులు పెట్టారు. మెడ చుట్టూ తెల్ల పూసలు.



"జీలాన్ అని, కైరో పిల్ల" అన్నాడు రిఫాత్ హుషారుగా. "ఇక నుంచి నీ జోడీ. గొంతు అంతంతమాత్రమే గానీ మొహం బాగుంది. టీవీ వాళ్ళకి బతికున్న మనిషి కావాలి కదా."

"ఆ గౌను ఎవరిదో తెలుసా మీకు?"

"నా ఆల్బం కోసం కుట్టింది. నాదే."

"మరి సుహైలా పాడిన పాటలు?"

"వాటి మీదే ఈ పిల్ల పాడుతుంది. టేపు మీద మీ ఇద్దరి గొంతులకీ విడివిడి దారులున్నాయి. సుహైలా దారిలో ఇది పాడుతుంటే పాతది చెరిగిపోతూ ఉంటుంది. నీ గొంతు భద్రంగానే ఉంటుందిలే."

"చెరిపేస్తారా?" అంది రబాబ్.  "చంపింది చాలక..."

"నోరు జాగ్రత్త! మీ నాన్న వేలిముద్ర వేసిన ఒప్పందం నా దగ్గరుంది. మొదలెట్టు బిష్రీ."

"బిష్రీ బాబాయ్, వద్దు. ముందు నఈమా అత్తకి ఒక్క కాపీ తీసివ్వు. నీకు దణ్ణం పెడతాను."

బిష్రీ ఆమె వైపు చూడలేదు. మీట నొక్కాడు.

జీలాన్ లోపలికెళ్ళి మైకు ముందు నిలబడింది. ఎర్ర దీపం వెలిగింది. గాజు వెనక ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి, పాపం భయం భయంగా. పాట అయిపోయింది. బిష్రీ టేపు వెనక్కి తిప్పి వినిపించాడు.

స్పీకర్లలోంచి వచ్చింది సుహైలా గొంతు.

"బటను తప్పు నొక్కావురా, నిద్రమొహమా! మళ్ళీ" అన్నాడు రిఫాత్.

జీలాన్ మళ్ళీ పాడింది. ఈసారీ వచ్చింది సుహైలానే. కానీ ఆ గొంతు రబాబ్‌కి తెలిసిన గొంతులా లేదు. గీరుకుపోయి ఉంది. చరణం మధ్యలో దగ్గు. ఒకటి కాదు, వరసగా. సుహైలా పాడుతూ దగ్గడం రబాబ్ పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"ఇది... నేను తీసింది కాదు" అన్నాడు బిష్రీ మెల్లగా.

"మళ్ళీ!"

మూడోసారి పాట లేదు. సర్రుమనే టేపు చప్పుడు... ఆ వెనక ఏదో కొడుతున్నట్టు... దబ్. దబ్. దబ్. అరచేత్తో చెక్క మీద. తర్వాత చాలా దగ్గరగా, మైకుకి పెదాలు ఆనించి మాట్లాడినట్టు...

"ఉస్తాద్... గడియ తీయండి... పొగ వస్తోంది..."

  రబాబ్ రిఫాత్ వైపు తిరిగింది. "గడియా? ఏ గడియ? ఏం పొగ?"

రిఫాత్ మొహం పాలిపోయింది. అయినా అరిచాడు. "నాటకాలాడుతున్నారా? మీరిద్దరూ కలిసి నా మీద టేపులు తయారు చేస్తారా? ఆ మైకుకి ఏం తగిలించారో ఇప్పుడే తేలుస్తా!" విసవిసా పాడే గదిలోకి పోయాడు. మైకు తీగ పట్టుకుని లాగాడు.

కరెంటు పోయింది.

బయట మధ్యాహ్నం. అక్కడ మాత్రం కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. ఆ చీకట్లో తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఇనుము ఇనుము మీద జరిగిన చప్పుడు. నింపాదిగా...

బిష్రీ లైటరు వెలిగించాడు. గడియ పడి ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు.

అప్పుడు వచ్చింది వాసన. డీజిలు కాలిన పొగ. గొంతులో గరగరలాడే, కళ్ళు మండించే పొగ.

"జనరేటరా?" అంది రబాబ్.

"పాడే గది గోడ వెనక ఉండేది, మేడ యజమాని దాన్ని పీకించేసి నెల దాటిందమ్మా..." అన్నాడు బిష్రీ. "ఆ పిల్ల పోయిన మర్నాడే."

గాజు మీద నాలుగు అరచేతులు. రెండు పెద్దవి, రెండు చిన్నవి. గాజు వెనక బూడిదరంగు పొగ తిరుగుతోంది. జీలాన్ నోరు తెరిచి ఏడుస్తోంది. ఏమీ వినపడటం లేదు.

రబాబ్ గడియ పట్టుకుని లాగింది. రాలేదు. బిష్రీ కూడా లాగాడు. తలుపులో కలిపి పోతపోసినట్టుంది. అప్పుడు, యంత్రం మీద పడి ఉన్న హెడ్‌ఫోన్లలో ఎవరో గుసగుసలాడారు. కరెంటు లేని హెడ్‌ఫోన్లు. రబాబ్ వాటిని చెవులకి పెట్టుకుంది.

"రబాబ్..."

 "సుహైలా, ఆ పిల్లనొదులు."

"నా గౌను... నా పాట..."

"గౌను వాడు తొడిగించాడే! పాట వాడు పాడించాడు. దానికేం తెలుసు? లోపల అది ఎలా దగ్గుతోందో విను. నీకెలా అయిందో మర్చిపోయావా?" రబాబ్ గొంతు చించుకుంది. సుహైలా బతికున్నప్పుడు ఎలా తిట్టేదో అలాగే తిట్టింది. "కోపం రావాల్సిందే! నాకూ వస్తోంది, నలభై రోజులుగా కాలిపోతున్నాను. కానీ పసిపిల్ల మీద చూపిస్తావా, సిగ్గులేనిదానా? వదులు!"

 హెడ్‌ఫోన్లలో ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది.

గడియ దానంతటదే జరిగింది. తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది. జీలాన్ దగ్గుతూ బయటికి పడింది. రిఫాత్ కూడా పరిగెత్తుకొచ్చాడు. అతని మొహం మీదే తలుపు మూసుకుంది. గడియ పడింది.

బిష్రీ ముందుకు కదిలాడు. రబాబ్ అడ్డం నిలబడి గడియ మీద చెయ్యి వేసింది. ఇప్పుడు గడియ వదులుగానే ఉంది. వేలితో తోస్తే వచ్చేస్తుంది. ఆమె తోయలేదు.

"తీయమ్మా, చచ్చిపోతాడు!"

"నువ్వు మాట్లాడకు బాబాయ్. నువ్వేం చూశావో అది చెప్పు ముందు."

బిష్రీ అక్కడే కూలబడ్డాడు. "నేను ఆ రోజు మధ్యాహ్నం కొత్త టేపులు తేవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి... గడియ పడే ఉంది. తీస్తే పిల్ల తలుపు వెనకే ముడుచుకుని ఉంది. పనిలోంచి తీసేస్తాడని నోరు మూసుకున్నాను."

అప్పుడు ప్రాణం లేని స్పీకర్లలోంచి రిఫాత్ గొంతు వచ్చింది, దగ్గుల మధ్య ముక్కలు ముక్కలుగా. "నేనే... నేనే గడియ వేశాను! సరిగ్గా పాడేదాకా తీయనన్నాను... కరెంటు పోతే జనరేటరు వేసి... భోజనానికి వెళ్ళాను... మర్చిపోయాను! అల్లా సాక్షి, మర్చిపోయాను!"

భోజనానికి. రబాబ్ కళ్ళ ముందు ఆ దృశ్యం కదిలింది. ఇక్కడ సుహైలా అరచేతులు కందిపోయేలా తలుపు బాదుతుంటే, రేవు ఒడ్డున వీడు వేయించిన చేపల మీద నిమ్మకాయ పిండుకుంటున్నాడు. ముళ్ళు ఏరుకుంటున్నాడు. ఆ తర్వాత టీ కూడా తెప్పించుకుని ఉంటాడు. ఆమె చెయ్యి గడియ మీద బిగుసుకుపోయింది. లోపలి బాదుడు నెమ్మదించింది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు. ఆ నిలబడటంలో ఒక హాయి ఉంది. ఆ హాయికే ఆమె భయపడింది.

"సుహైలా" అంది చివరికి, "వీడు ఇప్పుడే చస్తే ఈ మాట మళ్ళీ ఎవడు చెప్తాడే? మీ అమ్మ ముందు చెప్పాలి. పోలీసుల ముందు చెప్పాలి. పేటంతా వినాలి. తీస్తున్నాను."

గడియ తోసింది. కదల్లేదు. అటు వైపు నుంచి ఎవరో చల్లటి చేత్తో పట్టుకుని ఉన్నట్టుంది.

హెడ్‌ఫోన్లలో చిన్న గొంతు, మారాం చేస్తున్నట్టు... "ఇంకొంచెంసేపు..."

"చాలు."

"ఇంకొంచెంసేపే..."

"చాలన్నానా!"

గడియ వచ్చేసింది.

ఆసుపత్రిలో డాక్టర్లు రిఫాత్ ఊపిరితిత్తుల నిండా మసి చూసి, ఎక్కడ మంటలు లేచాయని అడిగారు.  ఊపిరి కుదుటపడ్డాక అతనే పోలీసులని పిలిపించి మొత్తం చెప్పాడు. నఈమా ఎదురుగా మళ్ళీ చెప్పాడు. ఆమె అంతా విని, లేచి, అతని మొహం మీద ఉమ్మేసి వచ్చేసింది. అతను జైలుకెళ్ళాడు. కంపెనీ మూతపడింది. 'బనాత్ బహరీ' ఆల్బం బజారులోకి రానేలేదు. స్టూడియో వదిలి వెళ్ళే ముందు బిష్రీ చెప్పాపెట్టకుండా దాన్ని ఒక కాసెట్టులోకి ఎక్కించి తెచ్చి నఈమా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ప్రపంచంలో ఆ ఆల్బం అదొక్కటే.

రబాబ్ మళ్ళీ పాడలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. ప్రతి శుక్రవారం నఈమా ఇంటికెళ్ళి, ఇద్దరూ కూర్చుని ఆ కాసెట్టు వింటారు. మొదట్లో ఏమీ తెలియలేదు. కొన్నేళ్ళు గడిచాక సుహైలా గొంతు కాస్త బరువెక్కినట్టు అనిపించింది. టేపు అరిగిందనుకుంది రబాబ్. బిష్రీకి వినిపిస్తే అతను చాలాసేపు విని, "అరిగితే రెండు గొంతులూ అరగాలి కదమ్మా" అని లేచిపోయాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అది నిజమే. టేపులో రబాబ్ గొంతు ఇప్పటికీ పదిహేడేళ్ళ పిల్లదే.

మొన్నటి శుక్రవారం బయట వాన కురుస్తోంది. సముద్రం రోడ్డు మీదికి కొట్టుకొస్తోంది. నఈమాకి చూపు దాదాపు పోయింది. కాసెట్టు పెట్టగానే చెవి అటు పెట్టి, "ఈమధ్య దీనికి దగ్గు తగ్గట్లేదే, విన్నావా?" అంది మామూలుగా.

రబాబ్ విన్నది. రెండో పాట చరణం మధ్యలో నడివయసు ఆడమనిషి ఒకామె దగ్గుతోంది.

నఈమా పెట్టె వైపు వంగి, కసురుకుంది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, గాలి తగలకుండా పడుకోమని?"

దగ్గు ఆగిపోయింది.

పదిహేడేళ్ళ రబాబ్ ఒక్కతే పాడుకుంటూ పోయింది. సుహైలా ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది. ఆమె ఎత్తుకోలేదు. టేపులో, ఆ పాట వెనక, ఎవరో ఊపిరి బిగబట్టి ఈ గదిలోని మాటలు వింటున్నారు.